రెండు వేళ్ళ ఖాళీ

సీసాలు నింపేటప్పుడు సేబి ఊపిరి బిగబట్టేది. గొట్టం చివర సీసా అడుగుకి ఆనించి, కుండలోని తువాక్ చప్పుడు లేకుండా దిగి, అడుగు నుంచి మెల్లగా పైకి లేచి మెడ దాకా వచ్చేవరకూ ఆ పిల్ల గాలి పీల్చేది కాదు. గొట్టం తీసి, బిరడా నొక్కి, అప్పుడు ఒక్కసారిగా వదిలేది.

"నువ్వు ఊపిరి ఆపితే సీసాలోకి గాలి పోకుండా ఉంటుందా, పిచ్చిదానా?" అన్నాను మొదటి సీసా అప్పుడు.

"ఏమో మామయ్యా. నేను పీలిస్తే అదీ పీల్చుకుంటుందేమోనని భయం," అంది.

ఆ ఏడు కొండవరి బాగా పండింది. గాదెలు నిండాయి. కోతలయ్యాక వచ్చే గవాయ్ పండక్కి ఏటి దిగువ నుంచి మూడిళ్ళ వాళ్ళని పిలవాలని ఇంటిపెద్ద ఉగట్ తీర్మానించాడు. మాకు ఇల్లంటే ఇరవై రెండు గదులు, వాటన్నిటి ముందూ ఒకటే పొడుగాటి వసారా, ఒకటే కప్పు. మాది తొమ్మిదో గది. తొమ్మిదో గది తువాక్‌కి ఏటి పొడుగునా పేరుండేది. బియ్యం ఉడికించి పులియబెట్టి దించే బీరు అది, అందరూ చేసేదే. కానీ మా ఆవిడ చేస్తే వేరు. ఆ పేరు ఆవిడది, నాది కాదు.

ఆవిడ్ని అందరూ బలాంగ్ అమ్మ అనేవారు, నన్ను బలాంగ్ నాన్న అనేవారు. బలాంగ్ మా ఒక్క కొడుకు. కలప క్యాంపులో రంపం పని. అంతకు ముందు ఏడాది ఒకరోజు పొద్దున్నే పడవ దిగి, వెనకాల సేబిని దింపాడు. పెళ్ళికని రెండు వైపులా పెద్దలు కూచోలేదు, కోడి కొయ్యలేదు. "ఈవిడ ఇక ఇక్కడే ఉంటుంది," అన్నాడు. వారం తిరక్కుండా క్యాంపుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడో ఓసారి సెలవుకి వచ్చి పోయేవాడు. మా ఆవిడ ఆ పిల్లకి అన్నం పెట్టింది, చాప ఇచ్చింది. పేరు పెట్టి మాత్రం పిలవలేదు. ఏడాది పాటు "అమ్మాయ్" అనే పిలుపే.

ఏప్రిల్లో మా ఆవిడకి మణికట్లు వాచాయి. ఉడికించిన బియ్యంలో పులియబెట్టే మందుబిళ్ళ పొడి కలిపి పిసకాలంటే చేతులు రాలేదు. రెండు రోజులు చూసింది. మూడో రోజు వాళ్ళ అమ్మమ్మ నాటి కుండని, మెడ చుట్టూ పాములు చెక్కి ఉన్న దాన్ని, దొర్లించుకొచ్చి సేబి ముందు పెట్టింది.

"ఈసారి చెయ్యి నీది," అంది. "తియ్యగా దిగిందా, ఈ కుండ నీది, నా తర్వాత ఈ గది నీది. పుల్లగా దిగిందా, ఇరవై రెండు గదుల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నువ్వే చెప్పాలి."

"సరే అత్తా."

"సరే కాదు, విను. కుండ పెట్టిన రోజు నుంచి పండగ వెళ్ళేదాకా పులుపు ముట్టకూడదు. నిమ్మ, మరంకాయ, ఊరేసిన చేప, ఏదీ. పోట్లాడకూడదు. ఏడవకూడదు."

"ఏడుపొస్తే?"

"మింగు."

ఎనిమిదో గది రబొంగ్ అవ్వ వసారాలో చాప అల్లుతూ ఇదంతా వింటోంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "అమ్మాయ్, నీకు ఏడుపొస్తే మా గదికి రా. మా తువాక్ ఎలాగూ పుల్లగానే ఉంటుంది, ఇంకాస్త అయినా ఎవరికీ తెలీదు," అంది. సేబి నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు గానీ మొహం తిప్పుకుంది. నవ్వొచ్చినప్పుడే అలా తిప్పుకునేది.

నా సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ముందు వానల్లో క్యాంపులో దుంగ దొర్లి నా ఎడంకాలు మోకాలి కింద నుజ్జయింది. కర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేను. అందరూ మిరియం తోటలకి పోతే నేను వసారాలో కూచుని వలలు కుట్టేవాణ్ణి, మెత్తకర్ర చెక్కి సీసాలకి బిరడాలు చేసేవాణ్ణి. కాలు మధ్యాహ్నాలు ఎక్కువ పోటు పెట్టేది. మొదటి నెలల్లో ఆ పోటుకి బాగా తాగాను. తాగి మా ఆవిడ మీదకి కర్ర ఎత్తాను కూడా, ఒకసారి. అప్పటి నుంచి ఆవిడ కట్టు పెట్టింది. "పండగ దాకా చుక్క లేదు," అంది. గదిలో ఉన్నదంతా పక్క గదులకి పంచేసింది.

తువాక్ మూడు వారాలకి తయారైంది. మా ఆడవాళ్ళు గరిటెతో తోడి, గరాటా పెట్టి సీసాల్లో పోసేవారు. బుడబుడమని నురగ లేస్తే చూడ్డానికి బాగుండేది. ప్రతి ఏడూ కొన్ని సీసాలు పాడయ్యేవి. పాడైతే ఎవరో గొణిగారనీ, ఎవరి మనసో మంచిది కాదనీ అనుకునేవారు.

క్యాంపులో ఇంజన్లు బాగుచేసే టింగ్ అని ఒక చీనాయన ఉండేవాడు. సిబు పట్నం వాడు. డబ్బా పాకం తెచ్చుకుని పెద్ద ప్లాస్టిక్ పీపాలో బీరు కాచుకునేవాడు. సీసాల్లోకి దింపేటప్పుడు నన్ను పీపా పట్టుకోమనేవాడు. ఆయన పొయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. గొట్టం పెట్టి దింపేవాడు. "బలాంగ్ నాన్నా, బీరు కాచడం గాడిదకైనా వస్తుంది," అనేవాడు. "సీసాలో పెట్టడం దగ్గరే మనిషి కావాలి. చిందితే గాలి కలుస్తుంది. మెడలో ఖాళీ వదిలితే గాలి కూచుంటుంది. నాలుగు వారాలు పోయాక తీసి చూడు, తడిసిన అట్టపెట్టె నాకినట్టుంటుంది. మీ బియ్యంది అయితే ఇంకా ఘోరం, పులిసిపోయిన బియ్యం కడిగిన నీళ్ళే, పులికడుగే."

ఆ మాట సేబికి చెప్పాను. నేను చెప్పిన పొడుగాటి మాట ఆ ఏడాదికి అదే అయుంటుంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వింది. పడవ ఇంజన్ కోసం కొన్న కొత్త రబ్బరు గొట్టం నా పెట్టెలో ఉంది. దాన్ని మూడుసార్లు ఉడకబెట్టింది.

మా ఆవిడ తోట నుంచి వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇదేం పని? కుండకి పెట్రోలు పట్టిస్తున్నారా మామా కోడళ్ళు?"

"గాలి తగలకూడదంట అత్తా."

"మా అమ్మమ్మ గరాటాతో పోసింది. ఆవిడకి గాలి తగల్లేదా?"

"ఎన్ని పాడయ్యేవి అత్తా, ఆవిడకి?"

మా ఆవిడ బుట్ట దించి వచ్చి కూచుని ఖాళీ సీసాలు ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టింది. క్యాంపు నుంచి ఏరుకొచ్చిన గోధుమరంగు బీరు సీసాలు. నలభై రెండు నిండాయి. బిరడా నొక్కిన వెంటనే సేబి గుగ్గిలం కరిగించి మూతి మీద పోసింది. అది పసుప్పచ్చగా గట్టిపడి గాజులా మెరిసింది. పొగకి ఇల్లంతా అడవి వాసన వేసింది.

కుండ అడుగున మిగిలింది చిన్న గిన్నెలో పోసి మా ఆవిడకి ఇచ్చింది. ఆవిడ నాలుక మీద వేసుకుంది. కొంచెంసేపు అలాగే ఉంచుకుంది.

"ఊఁ," అంది.

మా ఆవిడ ఊఁ అందంటే ఇంకొకరు లేచి పాట పాడినంత. తర్వాత గిన్నె కింద పెట్టి, "సేబీ, లెక్కపెట్టి అటక ఎక్కించు," అంది.

ఆ పిల్ల పేరు ఆ నోట అదే మొదలు. సేబి సీసాలు ఎత్తుకుని నిచ్చెన ఎక్కింది. మా నిచ్చెన అంటే మెట్లు నరికిన దుంగ. పైకి వెళ్ళి చాలాసేపు దిగలేదు. పైన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఏడవొద్దన్నానా!" అని కింద నుంచి అరిచింది మా ఆవిడ. "సీసా మూతలు వేశాంగా అత్తా, ఇప్పుడు పర్లేదు," అని జవాబు వచ్చింది.

పండక్కి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.

మొదటి నాలుగు రోజులు నేను పైకి చూడలేదు. అయిదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ముసలివాళ్ళు కునుకు తీస్తున్నారు, తక్కినవాళ్ళు తోటల్లో ఉన్నారు. కాలు పోటు పెడుతోంది. కర్ర గోడకి ఆనించి, నిచ్చెనకి వీపు పెట్టి, చేతుల మీద బరువేసి, మెట్టు మెట్టుకీ కూచుంటూ వెనక్కి వెనక్కి ఎక్కాను. నేను అటక ఎక్కగలనని ఇంట్లో ఒక్కరికీ తెలీదు. నాకూ అప్పటిదాకా తెలీదు.

సీసా తీసుకుపోతే మా ఆవిడకి తెలిసిపోతుంది. ఆవిడ రోజు మార్చి రోజు లెక్కపెట్టేది. అందుకని గుగ్గిలం పెచ్చు కత్తితో ఊడదీసి, బిరడా లాగి, సన్నగొట్టంతో ఒక గుక్క, అరగుక్క పీల్చి మళ్ళీ బిరడా పెట్టాను. దాని పక్కది తీశాను. రోజుకి ఆరు, ఏడు. గుగ్గిలం కరిగిస్తే ఇల్లంతా వాసనొస్తుంది కాబట్టి కొవ్వొత్తి కరిగించి మూతి మీద పోశాను. తెల్లగా కనబడకుండా మసి పూశాను. అటక మీద చీకటి, సీసాలేమో గోధుమరంగువి. పైపైన చూస్తే ఏం తేడా లేదు.

రెండోరోజో మూడోరోజో ఒక సీసా చేతి నుంచి జారి దొర్లుకుంటూ పోయి గాదె వెనక్కి పడింది. చెట్టుబెరడు గాదె అది, వడ్లతో నిండుగా ఉంది. నా చెయ్యి అందలేదు. పగల్లేదని మాత్రం చప్పుడుని బట్టి తెలిసింది. నేను ముట్టని సీసా అది. పోనీలే అని వదిలేశాను. ఎదరవరసలో సీసాలు కాస్త ఎడంగా సర్దాను. మా ఆవిడ కింద నుంచి వరసలు లెక్కపెట్టేది గానీ ఒక్కొక్కటీ కాదు.

మొదటి చుట్టు అయ్యేసరికి సీసాల మెడల్లో వేలెడు ఖాళీ వచ్చింది. రెండో చుట్టు కూడా తిరిగాను. రెండు వేళ్ళు.

టింగ్ మాట గుర్తు లేదా అంటే, ఉంది. బిరడా లాగిన ప్రతిసారీ గుర్తొచ్చింది. రెండు వేళ్ళకేం అవుతుందిలే అనుకున్నాను. నాలుగైదు సీసాలు పూర్తిగా తాగేసినా బాగుండేది. దొంగని అయ్యేవాణ్ణి, నాలుగు తిట్లు తినేవాణ్ణి, తక్కినవి బతికేవి. దొరక్కూడదని అన్నిట్లోనూ కొంచెం కొంచెం తాగాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సేబి నా పక్కన కూచుని బిరడాలు నునుపు చేస్తూ, "మామయ్యా, మూతలు గట్టిగా పట్టాయి కదా? చెక్కు చెదరవు కదా?" అని అడిగింది.

"చెదరవు," అన్నాను.

"పండగ అవగానే అత్తకి ఒకటి చెప్పాలి," అంది, తనలో తను నవ్వుకుంటూ. ఏమిటని నేను అడగలేదు. ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు నాకు లేదు.

పండగ రోజు పొద్దున్నే సీసాలు దించారు. నలభై ఒకటి ఉన్నాయి.

"ఒకటేదీ?" అంది మా ఆవిడ.

"అన్నీ దించాను అత్తా."

"నలభై రెండు లెక్కపెట్టాం కదే."

సేబి మళ్ళీ ఎక్కి చూసి వచ్చింది. గాదె వెనక చూడాలని తోచదు కదా. అంతలో దిగువవాళ్ళ పడవలు రేవులో కనిపించాయి. గంటలు మోగించారు. బలాంగ్‌కి సెలవు దొరకలేదు, తెప్ప కట్టే పని ఉందని కబురు పంపాడు.

మా దగ్గర చుట్టాలు వస్తే వసారా ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా నడుస్తారు. ప్రతి గది గుమ్మం ముందూ ఆ గది ఆడవాళ్ళు గిన్నెతో తువాక్ పడతారు. తాగకుండా దాటకూడదు. వరసలో ముందు వయసులో పెద్దవాడు నడుస్తాడు. ఆ ఏడు ముందున్నది జింబున్ అనే ముసలాయన. పళ్ళు లేవు, హుషారు మాత్రం కుర్రాడిది. ఎనిమిదో గుమ్మం దగ్గర రబొంగ్ అవ్వ గిన్నె తాగి, మూతి తుడుచుకుని, "ఇది తోవలో కాళ్ళు కడుక్కోడానికి. అసలు తాగేది తొమ్మిదో గదిలో," అన్నాడు. అందరూ నవ్వారు. రబొంగ్ అవ్వ, "పో ముసలాడా, పళ్ళతో పాటు సిగ్గూ రాలిపోయింది నీకు," అంది.

సేబి ఎర్రగళ్ళ నేత కట్టుకుని, జడలో వెండిపువ్వు పెట్టుకుని ఉంది. ఆ పువ్వు మా ఆవిడది. తనే తీసి పెట్టింది, పొద్దున. సేబి సీసా మూత విప్పి గిన్నె నింపి రెండు చేతులా పట్టింది.

జింబున్ పెద్ద గుక్క వేశాడు. మింగలేదు. మొహం అంతా ముడతలు ఒక్కచోటికి వచ్చాయి. చుట్టూ చూసి, మర్యాదకి మింగాడు. దగ్గు వచ్చింది.

"ఏం పెద్దాయనా?" అంది మా ఆవిడ.

"ఏం లేదమ్మా... కొంచెం ఘాటు."

వెనకున్నవాడు తాగి పక్కకి తిరిగి ఉమ్మేశాడు. మా ఆవిడ గిన్నె లాక్కుని నోట్లో పోసుకుంది. ఇంకో సీసా తెరిచింది. ఇంకోటి. ఆరు తెరిచింది. తర్వాత తెరవలేదు.

వరస కదల్లేదు.

"పులికడుగు," అంది మా ఆవిడ, నెమ్మదిగా. "నా గుమ్మంలో పులికడుగు."

రబొంగ్ అవ్వ చెడ్డ మనిషి కాదు. అయినా నోరు ఆగదు. "నేను చెప్పకూడదనుకున్నాను," అని మొదలుపెట్టింది. "వారం కింద ఈ అమ్మాయి చాప కింద మరంకాయ తొక్కలు చూశాను. పాము కుబుసంలా గుట్టగా ఉన్నాయి."

మా ఆవిడ సేబి వైపు తిరిగింది. "తిన్నావా?"

"తిన్నాను అత్తా. కానీ సీసాలు మూసేశాకే తిన్నాను. అంతకు ముందు ఒక్కటి కూడా ముట్టలేదు. నోట్లో నీళ్ళూరుతున్నా ముట్టలేదు."

"పండగ వెళ్ళేదాకా అన్నానా లేదా?"

"అన్నారు." సేబి తల వంచింది. "నాలుగో నెల అత్తా. ఆగలేకపోయాను. పండగ అయ్యాక చెబుదామని..."

వసారాలో గుసగుసలు లేచాయి. ఇంకో రోజైతే గంటలు కొట్టేవారు. మా ఆవిడ మొహం ఎలా అయిందో చెప్పలేను. సంతోషం సగం దాకా వచ్చి ఆగిపోయి, అక్కడే విరిగినట్టయింది.

"కడుపుతో ఉన్నానని చెబితే కుండ నీ చేతికి ఇచ్చేదాన్నా? పులుపు కోరే ఒంటితో కుండ ముట్టుకున్నావు. ఒక సీసా ఎటు పోయిందో అదీ లేదు. ఏడాది నా అన్నం తిని, ఇంతమందిలో..."

సేబి చేతిలో సీసా ఉంది. దాని మూతి వైపు చూసింది. బొటనవేలి గోటితో గీకింది. మసి కింద మెత్తగా తెల్లటి మైనం గోటికి అంటింది. ఇంకో సీసా తీసి గీకింది. ఆ మైనాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది. అప్పుడు తల ఎత్తింది.

నేను స్తంభానికి ఆనుకుని కూచుని ఉన్నాను, కర్ర ఒళ్ళో పెట్టుకుని. ఆ పిల్ల సూటిగా నా వైపు చూసింది. కోపం లేదు. నాకు ఒక దారి తెరిచి పట్టుకుని నిలబడినట్టు చూసింది.

"మామయ్యా," అంది. "గాలి సంగతి మీకు తెలుసు కదా. చెప్పండి అత్తకి."

అందరూ నా వైపు తిరిగారు. ఇంటిపెద్ద ఉగట్ కూడా. నేను చెప్పాల్సింది ఎక్కువ లేదు. గాదె వెనక ఒక సీసా ఉంది, తీసి తాగి చూడండి. అంతే. అంతకన్నా పొడుగు మాట అక్కర్లేదు.

నేను కాలు సర్దుకున్నాను.

జింబున్ ముసలాయనే మాట మార్చాడు. "పోనీండి, పదో గది ఎదురు చూస్తోంది," అంటూ ముందుకి కదిలాడు. వరస కదిలింది. మా గుమ్మం ముందు నుంచి తల వంచుకుని ఒక్కొక్కరే దాటారు. సేబి గిన్నె పట్టుకుని చివరి మనిషి వెళ్ళేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు పొద్దున్నే దిగువవాళ్ళ పడవలు బయల్దేరేటప్పుడు తనూ మూట కట్టుకుంది. వాళ్ళ అమ్మవాళ్ళిల్లు పక్క వాగు మీద, పైకి. దిగువవాళ్ళు వాగు కలిసే చోట దించుతామన్నారు. మా ఆవిడ లోపల పొయ్యి దగ్గర కూచుంది, బయటికి రాలేదు. వెండిపువ్వు చాప మీద పెట్టి ఉంది.

సేబి నా దగ్గరికి వచ్చి చుట్టచుట్టిన రబ్బరు గొట్టం నా పక్కన పెట్టింది.

"ఉడకబెట్టి ఆరబెట్టాను మామయ్యా," అంది.

నేను తల ఊపాను.

నా ఒక్కడికే వినబడేలా అంది: "కొవ్వొత్తి మైనం నిలవదు మామయ్యా. ఈ ఎండలకి మెత్తబడిపోతుంది."

అంతే అంది. మూట భుజాన వేసుకుని మెట్లు దిగి రేవుకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ రాక్షసి కాదు. కోపం నెల రోజులుంది. జులైలో మనిషి చేత ఒక కోడిపెట్ట, దంచిన బియ్యం పంపింది. "కాన్పుకి ఇక్కడికి రమ్మను. ఆస్పత్రి మనకే దగ్గర," అని చెప్పించింది. నిజమే, ఏరు కలిసే చోట ఉన్న ఆస్పత్రికి మా రేవు నుంచి పడవలో అరగంట. సేబి కోడిని తీసుకుంది. "అత్తకి దణ్ణమని చెప్పు. పురుడు అమ్మ దగ్గరే పోసుకుంటాను. తర్వాత వస్తాను," అని కబురంపింది. రాకపోడానికి కారణం అడగొద్దని కూడా చెప్పిందట. మా ఆవిడ ఆ మాట పదేపదే తిప్పుకుంది. "అడగొద్దని ఎందుకంది? ఏమయ్యా, నీకేమైనా చెప్పిందా వెళ్ళేటప్పుడు?"

"లేదు," అన్నాను.

సెప్టెంబర్లో వానల్లేవు. వాగులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. పడవలో పడుకోబెట్టి రాళ్ళ మీద ఈడ్చుకుంటూ దించారట, వాళ్ళ అన్నదమ్ములు. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి సగం దూరం కూడా రాలేదు. రాళ్ళగట్టు మీద దించి నీడ పట్టారు. బిడ్డ బయటికి వచ్చింది గానీ ఊపిరి తియ్యలేదు. పొద్దు వాలే వేళకి సేబి కూడా పోయింది.

కబురు తెచ్చినవాడు ఇదంతా మా వసారాలో నిలబడి చెప్పాడు. రబొంగ్ అవ్వ గుండెలు బాదుకుంటూ, "నా నోరు పడిపోను," అని ఏడ్చింది. మా ఆవిడ ఏడవలేదు. పాముల కుండని ఎత్తుకుపోయి, గది మూలన బోర్లించింది.

బలాంగ్ వచ్చాడు. మట్టి అయ్యాక మా గదికి రాకుండా, రేవులోనే నిలబడి, వాళ్ళ అమ్మని చూసి, "పులుపు తిన్నందుకా?" అన్నాడు. సరిహద్దు అవతల క్యాంపులకి వెళ్ళిపోయాడు. వాడు అడగాల్సింది నన్ను. వాడికీ తెలీదు.

మళ్ళీ కోతలు వచ్చాయి. కొత్త వడ్లు పొయ్యాలంటే గాదె జరిపి కింద తుడవాలి. పక్క గది కుర్రాళ్ళిద్దరు పైకి ఎక్కి జరిపారు. మా ఆవిడ చీపురు పట్టుకుని ఎక్కింది. నేను కింద ఉన్నాను. చీపురు చప్పుడు ఆగింది.

ఆవిడ దిగేసరికి చేతిలో సీసా ఉంది. బూజు పట్టి ఉంది. కొంగుతో తుడిచింది. మూతి మీద గుగ్గిలం పసుప్పచ్చగా, పగుల్లేకుండా మెరిసింది. గుమ్మంలో కూచుని, కత్తి మడమతో గుగ్గిలం కొట్టి, బిరడా లాగి, గిన్నెలో కొంచెం పోసుకుంది. నాలుక మీద వేసుకుని అలాగే ఉంచుకుంది.

ఏడాది నాటి తువాక్ అది. వాసన నా దాకా వచ్చింది. తేనె వాసన.

ఆవిడ లేచింది. ఇంటి కింద, పందుల దొడ్డి పక్కన, ఆ పండగ నాడు పారబోసిన సీసాలు ఇంకా గుట్టగా ఉన్నాయి. మెట్లు దిగి వెళ్ళింది. నేలపలకల సందుల్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఒక సీసా ఎత్తి మూతి చూసింది. గోటితో గీకింది. ఇంకోటి. ఇంకోటి. చాలా సీసాలు చూసింది. తర్వాత తల ఎత్తి పలకల సందులోంచి, సరిగ్గా నేను కూచున్న చోటుకి చూసింది. నా కాలు, కర్ర, కర్ర పక్కన నిచ్చెన.

పైకి వచ్చి ఏమైనా అంటుందనుకున్నాను. ఆ తేనె సీసాని తీసుకుని నేను రోజూ కూచునే స్తంభం పక్కన పెట్టింది. బిరడా పెట్టలేదు. బిరడాని పొయ్యిలో వేసింది.

మూడు రోజులకి దాని వాసన మారింది. వారానికి పులిసింది. చిన్నచిన్న ఈగలు ముసిరాయి. నేను దాన్ని తియ్యలేదు, మూయలేదు. ఆవిడా తియ్యలేదు. రోజూ నా పక్కన అన్నం పళ్ళెం పెట్టేటప్పుడు ఆ సీసాని దాటుకుని వచ్చి పెట్టేది. పదో రోజున అదే చేత్తో తీసుకుపోయి కిందకి పారబోసింది.

ఇంకా పదకొండేళ్ళు బతికింది. మళ్ళీ కుండ పెట్టలేదు. పండగల్లో చుట్టాల వరస మా గుమ్మం ముందు ఆగకుండా దాటిపోయేది. నాకు ఏ పూటా అన్నం తప్పించలేదు. ఆ సీసా సంగతి ఒక్కసారీ అడగలేదు.

అడిగితే చెప్పేవాణ్ణనే అనుకుంటూ వచ్చాను, ఆవిడ పోయేదాకా.